స్టాండింగ్ డెస్క్ కొన్నాక వచ్చే నొప్పులు, చిక్కులు: సమస్య - పరిష్కారం

స్టాండింగ్ డెస్క్ (కూర్చుని గానీ నిలబడి గానీ పనిచేసేలా ఎత్తు మార్చుకునే బల్ల) కొన్న మొదటి వారం చాలామంది పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడే పని చేస్తారు. రెండో వారానికి కాళ్ళు పీకుతాయి, నడుము పట్టేస్తుంది. ఆ తర్వాత డెస్క్ కిందికి దిగి, ఇక పైకి లేవదు. అంత డబ్బు పోసి కొన్న వస్తువు మామూలు బల్లగా మిగిలిపోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే ఈ ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం రెండే కారణాల దగ్గర తేలుతాయి: ఒకే భంగిమలో ఎక్కువసేపు ఉండిపోవడం, ఎత్తు సరిగ్గా పెట్టుకోకపోవడం. రెంటినీ చాలావరకు పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోవచ్చు. కొత్త మ్యాట్, కొత్త కుర్చీ కొనే ఆలోచన ఆ తర్వాత చెయ్యండి.

కాళ్ళు పీకుతున్నాయి, సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి

కారణం నిలబడటం కాదు, కదలకుండా నిలబడటం. నడిచేటప్పుడు పిక్కల కండరాలు బిగుస్తూ వదులవుతూ కాళ్ళలోని రక్తాన్ని గుండె వైపు నెడతాయి. స్తంభంలా నిలబడిపోతే ఆ పని ఆగిపోతుంది. రక్తం కాళ్ళ సిరల్లోనే నిలిచి, కాళ్ళు బరువెక్కుతాయి, వాపు వస్తుంది. రోజంతా నిలబడి ఉద్యోగం చేసేవాళ్ళలో కాళ్ళ మీద సిరలు ఉబ్బి మెలికలు తిరిగి కనిపించడానికి ఇదే ఒక ముఖ్య కారణం. బట్టల షాపుల్లో సేల్స్‌లో ఉండే ఆడవాళ్ళను అడిగితే ఈ బాధ ఎలాంటిదో చెబుతారు. దుకాణాల్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే హక్కు ఇవ్వడానికి కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాన్నే మార్చాల్సి వచ్చింది. మన దగ్గర కుర్చీ ఉంది, దాన్ని వాడుకోవాలి.

ఎంతసేపు నిలబడాలి అన్నదానికి అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో ఎర్గోనామిక్స్ (పనిచేసే చోటును ఒంటికి తగ్గట్టు అమర్చే శాస్త్రం) ప్రొఫెసర్‌గా పనిచేసిన అలన్ హెడ్జ్ చెప్పిన లెక్క తేలికగా గుర్తుంటుంది. ప్రతి అరగంటలో 20 నిమిషాలు కూర్చోవాలి, 8 నిమిషాలు నిలబడాలి, 2 నిమిషాలు అటూఇటూ కదలాలి. 2015లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో కొందరు నిపుణులు కలిసి ఇచ్చిన సూచన ఇంకోలా ఉంది. ఆఫీసు వేళల్లో నిలబడటం, తేలికగా నడవడం మొత్తం కలిపి మొదట్లో 2 గంటలు ఉండాలి, మెల్లగా 4 గంటలకు పెంచుకోవాలి అన్నారు. రెంట్లో ఏది పట్టుకున్నా ఫరవాలేదు. ఎనిమిది గంటలు నిలబడమని మాత్రం ఇద్దరూ అనలేదు.

అరగంటకోసారి అలారం పెట్టుకుంటే రెండు రోజుల్లో విసుగొస్తుంది. దానికంటే పనితో ముడిపెట్టడం మేలు. ఫోన్లు, టీమ్ కాల్స్ నిలబడి మాట్లాడండి. మెయిల్స్ నిలబడి చూడండి. కోడ్ రాయడం, పెద్ద ఎక్సెల్ షీట్లు, మౌస్‌తో సూక్ష్మంగా చేసే డిజైన్ పని కూర్చునే చెయ్యండి. ఒళ్ళు నిలకడగా ఉంటేనే చెయ్యి నిలకడగా ఉంటుంది.

నేల సంగతి కూడా చూడాలి. మన ఇళ్ళలో టైల్స్, గ్రానైట్, మార్బుల్ మీద ఒట్టి కాళ్ళతో నిలబడతాం. గట్టి నేల మీద మడమలకు, అరికాళ్ళకు ఏ ఆసరా ఉండదు. ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులు ఒక జత పెట్టుకోండి. మ్యాట్ కొంటే సుమారు 2 సెంటీమీటర్ల మందంతో, నొక్కితే కాస్త దిగి వెంటనే పైకి లేచే రబ్బరుది తీసుకోండి. పరుపులా కాలు దిగబడే స్పాంజ్ పనికిరాదు, నిలకడ లేక చీలమండలు ఇంకా అలిసిపోతాయి.

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేసినప్పుడు మడమలో సూదితో పొడిచినట్టుంటే అరికాలి చర్మం లోపల పట్టీలా ఉండే కణజాలం వాచి ఉండవచ్చు. కొన్నాళ్ళు నిలబడటం బాగా తగ్గించి డాక్టరుకు చూపించుకోండి. ఓర్చుకుంటే అలవాటవుతుందిలే అనుకోవద్దు. వాపు ఒక్క కాలికే వచ్చి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే అది డెస్క్ సమస్య కాకపోవచ్చు. సిరలో రక్తం గడ్డకట్టే అవకాశం ఉంటుంది కాబట్టి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. గర్భిణులు, ఇప్పటికే సిరలు ఉబ్బినవాళ్ళు, లేచి నిలబడగానే కళ్ళు తిరిగేవాళ్ళు డాక్టరును అడిగాకే ఈ అలవాటు మొదలుపెట్టాలి.

నడుము పట్టేస్తోంది

మీరు నిలబడి పనిచేస్తుండగా ఎవరినైనా పక్కనుంచి ఫొటో తీయమనండి. సాధారణంగా మూడింట్లో ఒకటి కనిపిస్తుంది: మోకాళ్ళు వెనక్కి బిగబట్టి ఉండటం, బరువంతా ఒక్క కాలి మీద వేసి తుంటి పక్కకు వంచడం, పొట్ట ముందుకు తోసి నడుము లోపలికి వంచడం. మోకాళ్ళు కొద్దిగా వదులు చెయ్యండి. తర్వాత ఒక చిన్న పీట తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టుకోండి. ఒక కాలు దాని మీద, ఒక కాలు నేల మీద ఉంచి, కొన్ని నిమిషాలకోసారి మార్చండి. కాలు కాస్త పైకి లేవగానే నడుము వంపు తగ్గుతుంది, పట్టు సడలుతుంది. ఇంట్లో ఉండే చెక్క పీట చాలు, దీనికోసం ఆన్‌లైన్‌లో వెతకక్కర్లేదు.

రెండు చేతులూ బల్ల మీద ఊని వాలిపోతున్నారంటే ఒళ్ళు కూర్చోమని అడుగుతోందన్నమాట. కూర్చోండి.

మణికట్టు నొప్పి, భుజాలు బిగుసుకుపోవడం

ఇది ఎత్తు తప్పు. బల్ల మరీ పైన ఉంటే భుజాలు చెవుల వైపు లేస్తాయి, మరీ కింద ఉంటే మణికట్టు పైకి వంగుతుంది. కంటి అంచనాతో పెట్టుకోవద్దు, కొలవండి. నిటారుగా నిలబడి, భుజాలు వదిలేసి, మోచేయి లంబకోణంలో మడవండి. నేల నుంచి మోచేయి కింది భాగం వరకు ఎవరినైనా టేపుతో కొలవమనండి. కీబోర్డు ఆ ఎత్తులో, లేదా కాస్త కింద ఉండాలి. సుమారుగా చెప్పాలంటే మీ ఎత్తును 0.63తో గుణించండి. 150 సెంటీమీటర్ల మనిషికి 95 దగ్గర, 165 వాళ్ళకు 104 దగ్గర, 180 వాళ్ళకు 113 దగ్గర వస్తుంది. చెప్పులు వేసుకుంటే ఆ మందం కలపండి. కీబోర్డు మందాన్ని బల్ల ఎత్తులోంచి తగ్గించండి. కీబోర్డు వెనక ఉండే చిన్న కాళ్ళు మడిచెయ్యండి, అవి మణికట్టును ఇంకా వంచుతాయి. లెక్క కుదిరాక కూర్చునే ఎత్తు ఒకటి, నిలబడే ఎత్తు ఒకటి మెమరీ బటన్లలో సేవ్ చేసుకోండి.

పొట్టిగా ఉన్నవాళ్ళకు అసలు చిక్కు నిలబడినప్పుడు కాదు, కూర్చున్నప్పుడు వస్తుంది. ఈ సంగతి అమ్మేవాళ్ళు చెప్పరు. 150 సెంటీమీటర్ల మనిషి పాదాలు నేలకు ఆనించి కూర్చుంటే మోచేయి 60 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. రెండు మడతల కాళ్ళుండే (ఒకదానిలోంచి ఒకటి బయటికొచ్చే రెండు గొట్టాల) మోటారు డెస్క్‌లు చాలావరకు 70కి కిందికి దిగవు. అప్పుడు కుర్చీ పైకి లేపాలి, పాదాలు గాల్లో వేలాడతాయి, తొడల కింద ఒత్తిడి పడుతుంది. ఇప్పటికే కొనేసి ఉంటే పాదాల కింద ఎత్తు పెట్టుకోండి, లేదా బల్ల కింద కీబోర్డు ట్రే బిగించుకోండి. ఇంకా కొనకపోతే ఎంత పైకి లేస్తుందో కాదు, ఎంత కిందికి దిగుతుందో ముందు అడగండి. మూడు మడతల కాళ్ళున్నవి 60-62 దాకా దిగుతాయి. ఇంట్లో ఇద్దరు వాడే డెస్క్ అయితే ఇద్దరిలో పొట్టివారి కొలతే ముఖ్యం.

మెడ పట్టేస్తోంది

లాప్‌టాప్‌ను నేరుగా బల్ల మీద పెట్టి పనిచేస్తున్నారా? అదే కారణం. లాప్‌టాప్‌లో తెర, కీబోర్డు విడదీయలేం. చేతులకు సరిపోయే ఎత్తులో పెడితే తల వంచాలి, కళ్ళకు సరిపోయే ఎత్తులో పెడితే చేతులు ఎత్తాలి. నిలబడితే ఇది తగ్గదు. వేరే కీబోర్డు, మౌస్ కొనడం తప్పనిసరి. లాప్‌టాప్‌ను స్టాండ్ మీదో, పాత పుస్తకాల దొంతర మీదో పెట్టి, తెర పైఅంచు కంటి ఎత్తుకు తెచ్చుకోండి. దూరం చేయి చాచినంత. పైన దూరపు చూపు, కింద దగ్గరి చూపు ఉన్న కళ్ళద్దాలు వాడేవాళ్ళు తెరను ఇంకా కాస్త దించుకోవాలి, లేకపోతే గడ్డం పైకెత్తి చూస్తూ మెడ వెనక భాగం నొప్పి తెచ్చుకుంటారు.

విడిగా మానిటర్ ఉన్నా నిలబడినప్పుడే మెడ నొప్పి వస్తోందంటే దానికీ కారణం ఉంది. కూర్చున్నప్పుడు మనం కాస్త కుంగి కూర్చుంటాం, నిలబడితే వెన్ను సాగుతుంది. కళ్ళకూ బల్లకూ మధ్య దూరం పెరిగి, మానిటర్ కిందికి దిగినట్టవుతుంది. ఒక్క చేత్తో పైకీ కిందికీ జరిపే మానిటర్ ఆర్మ్ ఉంటే ఈ ఇబ్బంది పోతుంది.

నెలలు గడిచినా బరువు తగ్గలేదు

తగ్గదు. కూర్చోవడం కంటే నిలబడటానికి నిమిషానికి సుమారు 0.15 కేలరీలే ఎక్కువ ఖర్చవుతాయని 2018లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన ఒక విశ్లేషణలో తేలింది. 65 కిలోల మనిషి 6 గంటలు నిలబడితే 54 కేలరీలు, అంటే దాదాపు ఒక ఇడ్లీ. బరువు కోసం నడవండి. డెస్క్ ఉన్నది మనం ఒకే భంగిమలో ఉండిపోకుండా కాపాడటానికే.

డెస్క్ ఊగుతోంది

పైకి లేచినకొద్దీ కొంత ఊగడం సహజం. ఎక్కువగా ఊగితే కొన్నప్పుడు ఇచ్చిన అలెన్ కీతో కాళ్ళ బోల్టులన్నీ ఒకసారి బిగించండి, వాడకంలో అవి వదులవుతాయి. డెస్క్ కాళ్ళ అడుగున ఉండే తిప్పే మరలతో నేల హెచ్చుతగ్గులు సరిచేయండి. బరువైన మానిటర్‌ను బల్ల అంచున కాకుండా కాళ్ళకు దగ్గరగా జరపండి.

మధ్యలో ఆగిపోతోంది, లేదా ఒక పక్కకు వంగింది

పదేపదే పైకీ కిందికీ ఆడిస్తే మోటారు వేడెక్కి తనంతట తానే ఆగుతుంది. చాలా డెస్క్‌ల మోటార్లు వరసగా 2 నిమిషాలు నడిస్తే 18 నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలన్న లెక్కతో తయారవుతాయి. ఇరవై నిమిషాలు వదిలేసి చూడండి. కొద్దిగా లేచి వెంటనే వెనక్కి దిగుతుంటే దేనికైనా తగిలిందని సెన్సర్ అనుకుంటోంది. కుర్చీ చేతులు, గోడకున్న అల్మరా, కింద పెట్టిన సొరుగులు చూడండి.

కరెంటు పోయి వచ్చాక కదలకపోయినా, ఒక కాలు ఎత్తుగా ఉన్నా రీసెట్ చెయ్యాలి. ఎక్కువ మోడళ్ళలో పద్ధతి ఇది: కిందికి బటన్ నొక్కి అట్టడుగుకు దించి వదలండి. మళ్ళీ అదే బటన్ నొక్కిపట్టి ఉంచండి, బల్ల ఇంకాస్త దిగి కొద్దిగా పైకి లేచి ఆగుతుంది. అప్పుడు వదిలితే సరిపోతుంది. తేడా ఉంటే మీ డెస్క్ మాన్యువల్‌లో చెప్పినట్టే చెయ్యండి. మోటారును కంప్యూటర్ యూపీఎస్‌కు కలపొద్దు. బల్ల లేచేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకు చిన్న యూపీఎస్ ట్రిప్ అయి, సేవ్ చేయని పని పోతుంది. డెస్క్‌ను గోడ సాకెట్‌కు, కంప్యూటర్‌ను యూపీఎస్‌కు కలపండి. తర్వాత బల్లను పూర్తిగా పైకి లేపి, ఏ వైరూ బిగుసుకోకుండా ఇంకా వదులుగా వేలాడుతోందో లేదో చూసుకోండి.