కరువులో బోరు నీటిమట్టం ఎలా కొలవాలి?

బోరులో రాయి వేసి, చప్పుడు ఎంతసేపటికి వినిపించిందో లెక్కపెట్టి "రెండొందల అడుగుల్లో ఉంది" అని తేల్చేవాళ్లు ఊరికొకరు ఉంటారు. రాయి మోటారుకీ గొట్టానికీ మధ్య ఇరుక్కుంటే బాగుచేయించేది వాళ్లు కాదు. ముందు ఆ పని మానండి.

కావాల్సినవి మూడే: నీళ్లు తగలగానే కూతపెట్టే సౌండర్ టేపు, నోటుపుస్తకం, పాతగుడ్డ. టేపు వంద మీటర్లది కొనండి. దర్శి, ఉదయగిరి వైపు కరువు ఏడాదిలో చిన్నది చాలకపోవచ్చు. సెల్‌ఫోన్ యాప్‌ల జోలికి పోవద్దు.

కేసింగ్ (బోరు నోటి దగ్గర నేలపైకి కనిపించే గొట్టం) అంచు మీద ఒకచోట పెయింటుతో గీత పెట్టుకుని ఎప్పుడూ అక్కడినుంచే కొలవండి. కేసింగ్ నేలకు ఎంత ఎత్తుందో అంత తీసేయండి. టేపు 41.6 మీటర్లు చూపించి, కేసింగ్ 0.6 మీటర్లు ఉంటే, మట్టం నేల నుంచి 41 మీటర్ల లోతున ఉన్నట్టు. అడుగులు కావాలంటే 3.28తో గుణించుకోండి.

అసలు చిక్కు టేపుతో కాదు, బోరుకు విశ్రాంతి ఇవ్వడంతో. మోటారు ఆడుతున్నప్పుడు బోరులో మట్టం చుట్టుపక్కల కంటే బాగా కిందికి పోతుంది. ఆపగానే మొదట గబగబా పైకొస్తుంది, తర్వాత నత్తనడక. పెన్నా ఒడ్డు ఇసుక నేలల్లో త్వరగా కోలుకుంటుంది. రాతినేలలో నీళ్లు పగుళ్లలోంచి ఊరాలి కాబట్టి ఆలస్యం. మోటారు ఆపిన పది నిమిషాలకే కొలిస్తే చాలనేవాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే.

మొదటి ఏడాది నేనూ అలాగే చేశాను. ఒక సాయంత్రం మోటారు ఆపి అరగంటకు కొలిచాను, తర్వాతిసారి తెల్లారుజామున. చినుకు పడకుండానే మట్టం ఎనిమిది మీటర్లు పెరిగిందని రచ్చబండ గోడ మీద సుద్దతో రాశాను. "అబ్బయ్యా, ఆ వాన ఏ ఊళ్లో పడింది?" అని పెద్దాయన అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అందుకే పన్నెండు గంటలు ఆపాలి, తక్కువ కుదరదు. మీ మోటారు ఒక్కటే ఆపితే సరిపోదు. పక్క చేను బోరు అదే పగులులోంచి లాగుతుంటే మీ మట్టం పడుతూనే ఉంటుంది. ముందురోజు సాయంత్రమే పక్కవాళ్లకు చెప్పి, పొద్దున త్రీఫేజ్ కరెంటు రాకముందే కొలవండి. ఆటో స్టార్టర్ మాత్రం మర్చిపోవద్దు. టేపు లోపలుండగా కరెంటు వచ్చి మోటారు తిరిగితే టేపు గతి చెప్పక్కర్లేదు. ఆటో స్విచ్ ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి.

టేపును మెల్లగా దించండి. పైన పగులులోంచి నీళ్లు గోడమీద కారుతుంటే ఉత్తుత్తిగా కూస్తుంది. పైకి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ దించండి. మూడుసార్లూ ఒకేచోట కూస్తేనే అది మట్టం. పావుగంట ఆగి ఇంకోసారి చూడండి. రెండు మూడు సెంటీమీటర్లకు మించి తేడా వస్తే బోరు ఇంకా కోలుకుంటోందని అర్థం. ఆ అంకె పక్కన "ఇంకా ఎక్కుతోంది" అని రాయండి, లెక్కలో కలపకండి.

ఇది పదిహేను రోజులకోసారి చేయాలి. కేంద్ర భూగర్భ జల మండలి ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది. అది దేశం పటానికి సరే, రబీలో మీ చేలో ఏం వేయాలో చెప్పదు. 2000ల్లో ప్రకాశంతో కలిపి ఏడు జిల్లాల్లో రైతులే బోర్లు కొలిచి, పంటకు ముందు ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు. నెల్లూరు వైపు పెద్దవాన ఈశాన్య రుతుపవనాలదే కాబట్టి సెప్టెంబరు చివర, జనవరి మొదట్లో కొలతలు అస్సలు తప్పకూడదు.

బోరుతో పాటు ఏటి మట్టం కూడా చూడాలంటే, మన్నేరు లాంటి ఏరు ఎండినప్పుడు వంతెన స్తంభం మీద ముందే ఉన్న నీటిమట్టం గీతలతో పనిలేదు. ఇసుకలో చెలమ తవ్వి, నీళ్లు తేరుకున్నాక చూడండి. కొలత ఇసుక మట్టం నుంచి తీసుకోవద్దు, లారీలు తిరిగితే ఆ మట్టమే మారిపోతుంది. వంతెన స్తంభం మీద మీరే ఒక గీత పెట్టి, అక్కడినుంచి తాపీమేస్త్రీలు వాడే నీళ్లు నింపిన గొట్టంతో లెవెల్ పట్టి, చెలమలో నీళ్లు ఆ గీతకు ఎంత కిందున్నాయో చూడండి.

అన్నీ అయ్యాక ఫ్యూజులు తిరిగి పెట్టి, ఆటో స్విచ్ వేసి ఇంటికి రండి. నేను ఒకసారి వాటిని జేబులోనే పెట్టుకుని కందుకూరు బస్సెక్కాను. ఆ రోజు బత్తాయి తోటకు నీళ్లు లేవు.