ఇద్దరి దూరప్రయాణానికి సెకండ్‌హ్యాండ్ క్రూజర్ బైకు: రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 చూసేటప్పుడు

ముందుగా, వెనక సీటు సంగతి. సూపర్‌నోవా వేరియంట్‌కి వీపు ఆనించుకునే బ్యాక్‌రెస్ట్, ముందు విండ్‌స్క్రీన్ కంపెనీ నుంచే వస్తాయి. వెనక కూర్చునే మనిషిని వెంట తీసుకెళ్లండి. వాళ్లు లేకుండా బేరం కుదుర్చుకోవద్దు. కనీసం అరగంట, స్పీడ్ బ్రేకర్లున్న దారిలో నడపండి. వెనక షాక్స్‌కి (కుదుపులు ఆపే స్ప్రింగులకి) 6 మెట్ల సర్దుబాటు ఉంటుంది, ఇద్దరెక్కితే బిగించాలి. బిగించినా అడుగు తగులుతుంటే షాక్స్ పోయినట్టే.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి. మీరొచ్చేసరికే వేడెక్కి ఉంటే, చల్లగా స్టార్ట్ కాదన్న సంగతి దాస్తున్నారేమో అని అనుమానించండి, అంతే.

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ గొట్టాల మీద వేలు పెట్టి తుడవండి. నూనె జిడ్డు అంటితే సీల్ కారుతోంది. వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) పళ్లు కొక్కేల్లా వంగితే చైన్‌తో సహా సెట్టంతా మార్చాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. టైరు మీద 2321 అంటే 2021లో 23వ వారం తయారీ. అయిదేళ్లు దాటితే గీతలు బాగున్నా రబ్బరు గట్టిపడి తడిరోడ్డు మీద జారుతుంది.

ఆర్సీలో ఫైనాన్స్ నమోదై ఉంటే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్సీలో ఫైనాన్స్ తీయించే ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. బండి తెలంగాణది, మీరు ఆంధ్రాలో ఉంటారా? బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి ఆర్టీవో ఎన్‌ఓసీ, అంటే ఫారం 28 కూడా అడగండి.