సిమ్ వేసినా లైనక్స్‌లో కదలని ల్యాప్‌టాప్ మోడెమ్‌ను పనిచేయించడం

తిరుపతిలో యూనివర్సిటీ పిల్లలు సెకండ్ హ్యాండ్‌లో కొనే పాత ఆఫీసు థింక్‌ప్యాడ్‌లలో కొన్నింటికి సిమ్ స్లాట్ ఉంటుంది. విండోస్ తీసేసి డెబియన్ (ఒక రకం లైనక్స్) వేశాక మోడెమ్ కనిపిస్తుంది గానీ సిగ్నల్ పట్టదు. డ్రైవర్ లేదనుకుని లైనక్స్ మూలభాగమైన కెర్నల్ మార్చేవాళ్లే ఎక్కువ. తప్పు చాలావరకు అక్కడ ఉండదు.

ముందు కింది మూత విప్పి చూడండి. స్లాట్ ఉన్నంత మాత్రాన లోపల మోడెమ్ కార్డు ఉండాలని లేదు. కార్డు ఉన్నా, మెయిన్, ఆక్స్ అని రెండు యాంటెన్నా వైర్లు దానికి తగిలించి ఉండాలి. వైర్లే లేని మోడల్ అయితే కార్డు కొనడం దండగ. కొత్తగా కొనేటట్టయితే కార్డు పట్టే బ్యాండ్లు, అంటే సిగ్నల్ ఫ్రీక్వెన్సీలు, చూసుకోండి. సియెర్రా కంపెనీ కార్డు ఈఎం7455లో బ్యాండ్ 3, 5 ఉన్నాయి, 40 లేదు. ఈఎం7430లో మూడూ ఉన్నాయి. జియో 2300 మెగాహెర్ట్జ్‌లో నడిపేది ఆ 40వ బ్యాండే, పైగా జియోకు 3జీ లేదు. అందుకే మన దగ్గరికి 7430 మేలు.

ఇక టెర్మినల్. యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కొడితే 7455కు 1199:9079 అన్న ఐడీ రావాలి. అది రాసిపెట్టుకోండి. తర్వాత మోడెమ్ స్థితి చూపే 'ఎంఎంసీఎల్ఐ -ఎం 0' కొట్టండి. 'సిమ్ మిస్సింగ్' అంటే సిమ్ తీసి సరిగ్గా పెట్టండి. స్టేట్ 'డిజేబుల్డ్', పవర్ స్టేట్ 'లో' అని ఉండి, '-ఈ' తో ఎనేబుల్ చేసినా మారకపోతే, ముందు రేడియోలను ఆపే, తెరిచే ఆర్ఎఫ్‌కిల్ కమాండ్ ఇచ్చే లిస్ట్‌లో రేడియో బ్లాక్ అయి ఉందేమో చూడండి. అదీ కాకపోతే చాలావరకు ఎఫ్‌సీసీ లాకే. ఎఫ్‌సీసీ అంటే అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ, దాని నిబంధనల కోసం కంపెనీలు పెట్టిన తాళం అది. ఫలానా ల్యాప్‌టాప్‌లోనే ఉన్నానని తేలేదాకా కార్డు రేడియో ఆన్ చేయదు. విండోస్‌లో ఆ పని కంపెనీ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. లైనక్స్‌లో మోడెమ్‌ను నడిపే మోడెమ్‌మేనేజర్ కూడా ఒకప్పుడు తనంతట తానే తీసేది, 1.18.4 నుంచి మానేసింది. డెబియన్ 12లో ఉన్నది 1.20 కాబట్టి మనమే తీయాలి.

తాళంచెవులు డిస్క్‌లోనే ఉన్నాయి. /యూఎస్ఆర్/షేర్/మోడెమ్‌మేనేజర్/ఎఫ్‌సీసీ-అన్‌లాక్.అవైలబుల్.డి లోపల మీ ఐడీ పేరుతోనే ఒక స్క్రిప్ట్ ఉంటుంది. దానికి /ఈటీసీ/మోడెమ్‌మేనేజర్/ఎఫ్‌సీసీ-అన్‌లాక్.డి లో రూట్‌గా (అడ్మిన్ యూజర్‌గా) 'ఎల్ఎన్ -ఎస్' తో లింకు పెట్టండి. స్క్రిప్ట్ ఫైలుకు ఓనర్ రూటే అయి ఉండాలి, లేకపోతే మోడెమ్‌మేనేజర్ దాన్ని ముట్టదు. లిబ్‌క్యూఎంఐ-యుటిల్స్, లిబ్‌ఎంబిమ్-యుటిల్స్ ప్యాకేజీలు వేసుకోవడం మరవకండి. స్క్రిప్ట్ నడిచేది వాటి మీదే, చాలామంది ఆగిపోయేదీ అక్కడే. మోడెమ్‌మేనేజర్ సర్వీసు రీస్టార్ట్ చేసి మళ్లీ ఎనేబుల్ కొడితే పవర్ స్టేట్ 'ఆన్' అవుతుంది.

మిగిలింది ఏపీఎన్, అంటే సిమ్ కంపెనీ నెట్‌లోకి వెళ్లే దారి పేరు. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ పెట్టి జియోకు జియోనెట్, ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్.కామ్, బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఇవ్వండి.

కుప్పం, పలమనేరు, నగరి వైపు వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పక్క రాష్ట్రం టవర్ దొరికితే కార్డు 'రోమింగ్' అని చూపిస్తుంది. కనెక్షన్‌లో హోమ్-ఓన్లీ (రోమింగ్‌లో వద్దనే సెట్టింగ్) 'ఎస్' అని పెట్టి ఉంటే అప్పుడు నెట్ రాదు, దాన్ని 'నో' చేయండి. పరీక్షించేటప్పుడు వైఫై ఆపేయండి. రెండూ ఉంటే నెట్‌వర్క్‌మేనేజర్ వైఫైకే ముందు చోటిస్తుంది (మెట్రిక్ అనే అంకె తక్కువున్నదే ముందు: వైఫైకి 600, సిమ్‌కు 700), సిమ్ పనిచేస్తోందో లేదో తెలియదు.