వెనక యాక్సిల్ గేర్ రేషియో ఎలా ఎంచుకోవాలి? మస్టాంగ్ 5.0 మీద లెక్క వేసి చూద్దాం

నేను డల్లాస్ దగ్గర ఉంటా, నా దగ్గర 1991 ఫోర్డ్ మస్టాంగ్ 5.0 ఉంది, అయిదు గేర్ల మాన్యువల్. క్యామ్ (ఇంజన్ వాల్వులు తెరిచే షాఫ్ట్), ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మార్చాక "ఇంక గేర్లు మార్చు బ్రో, బండి లేచిపోద్ది" అని అందరూ అంటుంటే ఏ లెక్కా వేయకుండా వెనక యాక్సిల్‌లో 3.08 రేషియో తీసేసి 4.10 వేయించేశా. సిగ్నల్ దగ్గర భలే ఉండేది, కానీ హ్యూస్టన్ వెళ్ళాలంటే 80 మైళ్ళ స్పీడులో ఇంజన్ 2,900 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మీద మోత మోగిపోతూ నాలుగు గంటలు, దిగాక కూడా చెవుల్లో అదే మోత. ఆర్నెల్లకి విప్పించి 3.55 వేయించా. అంటే గేర్ల డబ్బులు, కూలి రెండూ రెండుసార్లు. ముందే పది నిమిషాలు కాలిక్యులేటర్ తీసి ఉంటే సరిపోయేది, ఆ పది నిమిషాల పనే ఇది.

ముందు రేషియో అంటే ఏంటో ఒక్క ముక్కలో. వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా, అంటే డిఫరెన్షియల్ లోపల పెద్ద రింగ్ గేరు, దాన్ని తిప్పే చిన్న పినియన్ ఉంటాయి, రింగ్ పళ్ళని పినియన్ పళ్ళతో భాగిస్తే వచ్చేదే రేషియో. 41 పళ్ళకి 11 అయితే 3.73, 40కి 13 అయితే 3.08. అంటే 3.73లో డ్రైవ్‌షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వచ్చే పొడుగు షాఫ్ట్) 3.73 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. నంబర్ పెరిగితే లాగుడు పెరుగుతుంది, అదే స్పీడుకి ఇంజన్ ఎక్కువ తిరగాలి, బైక్‌కి వెనక పెద్ద స్ప్రాకెట్ వేసినట్టే. ఇంకోటి, షాపులో "హై గేర్" "లో గేర్" అని మాట్లాడకండి, ఒకడికి హై అంటే పెద్ద నంబరు, ఇంకొకడికి చిన్న నంబరు. నంబరే చెప్పండి.

1. ఇప్పుడు లోపల ఏముందో చూడండి

1987-93 మస్టాంగ్ 5.0 మాన్యువల్‌కి కంపెనీ నుంచి 2.73 గానీ 3.08 గానీ వచ్చేది, ఆటోమేటిక్‌కి 2.73 లేదా 3.27. డిఫరెన్షియల్ కవర్ బోల్టు కింద చిన్న రేకు ట్యాగ్ ఉంటుంది, దాని మీద 3ఎల్08 అని ఉంటే 3.08, మధ్యలో ఎల్ అంటే లిమిటెడ్ స్లిప్ అని, లోపలి క్లచ్‌లతో రెండు చక్రాలకీ లాగుడు అందించే రకం. కానీ ముప్పై ఏళ్ళ బండి, మధ్యలో ఎవరో గేర్లు మార్చి పాత ట్యాగ్ అలాగే బిగించేసి ఉండొచ్చు, అందుకే లెక్కపెట్టడమే బెస్టు.

ముందు చక్రాలకి అడ్డం పెట్టి, వెనక రెండు చక్రాలూ లేపి, జాక్ మీద వదిలేయకుండా స్టాండ్లు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. టైరు మీద, డ్రైవ్‌షాఫ్ట్ మీద సుద్దముక్కతో గీత గీసి చక్రాన్ని పది చుట్లు తిప్పండి. షాఫ్ట్ 31కి కాస్త తక్కువ తిరిగితే 3.08, 37 దాటితే 3.73. ఒక్క చుట్టుతో చూస్తే 3.55కీ 3.73కీ తేడా కంటికి ఆనదు, అందుకే పది. ఒక చక్రం తిప్పితే రెండోది ఎదురు తిరుగుతోందంటే అది ఓపెన్ డిఫరెన్షియల్ (లిమిటెడ్ స్లిప్ లేనిది), లేదంటే లోపల క్లచ్‌లు అరిగిపోయాయి. అప్పుడు ఒక చక్రాన్ని నేల మీదే ఉంచి పైకి లేపినదాన్ని ఇరవై చుట్లు తిప్పండి, లెక్క అదే వస్తుంది.

2. టైరు సంగతి ముందే తేల్చుకోండి

ఇది చాలామంది తర్వాత చూద్దాంలే అంటారు, తప్పు. టైరు ఎత్తు మారితే రేషియో మారినట్టే. 225/55 ఆర్ 16 టైరైతే 225లో 55 శాతం అంటే 123.75, అది పైనా కిందా రెండుసార్లు 247.5, దానికి 16 అంగుళాల రిమ్ము 406.4 కలిపితే 654 మిల్లీమీటర్లు, అంటే 25.7 అంగుళాలు. ఇప్పుడు 3.73 వేయించి వచ్చే ఏడు 28 అంగుళాల టైరు ఎక్కించారనుకోండి, బండికి అది 3.42లా అనిపిస్తుంది, పెట్టిన డబ్బులో సగం లాభం టైరు తినేసినట్టే. మన దగ్గర థార్, జిప్సీలకి పెద్ద టైర్లు వేసి లాగట్లేదు అనేవాళ్ళ బాధ కూడా ఇదే, కాకపోతే ఫోర్ బై ఫోర్ కాబట్టి వాళ్ళు ముందు యాక్సిల్ కూడా అదే రేషియోకి మార్చాలి.

3. హైవే ఆర్‌పీఎం లెక్క

మైళ్ళలో స్పీడు × యాక్సిల్ రేషియో × టాప్ గేరు రేషియో × 336 (మైళ్ళు, అంగుళాలు, నిమిషాలు కలవడానికి వాడే అంకె), మొత్తాన్ని టైరు ఎత్తుతో (అంగుళాల్లో) భాగించండి, అంతే.

5.0లో వచ్చే టీ5 గేర్‌బాక్స్ అయిదో గేరు 0.68. 25.7 అంగుళాల టైరుతో 70 మైళ్ళ దగ్గర, అంటే 112 కిలోమీటర్ల దగ్గర, ఇలా వస్తుంది:

2.73 అయితే 1,700
3.08 అయితే 1,920
3.27 అయితే 2,035
3.55 అయితే 2,210
3.73 అయితే 2,320
4.10 అయితే 2,550

నేల మీద టైరు కొంచెం నొక్కుకుంటుంది కాబట్టి నిజంగా దీనికంటే రెండు మూడు శాతం ఎక్కువే ఉంటుంది. మీరు 70లో కాదు 80లో పోయే మనిషైతే 80తోనే వేయండి, కాగితం మీద మంచివాడిలా నటిస్తే తర్వాత మోత వినేది మీరే. ఓవర్‌డ్రైవ్ (ఈ 0.68 లాంటి, 1 కంటే తక్కువ టాప్ గేరు) లేని పాత మూడు గేర్ల ఆటోమేటిక్ ఉంటే ఇదే 3.73కి 70 దగ్గర 3,400 దాటుతుంది, ఆ బండితో ఊళ్ళు తిరగలేం.

4. ఇంజన్‌కి ఎక్కడ సుఖంగా ఉంటుంది?

స్టాక్ (కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న) 5.0 కింద నుంచే లాగుతుంది, 1,700లో కూడా హాయిగా పోతుంది. పెద్ద క్యామ్ వేశాక కథ మారుతుంది, తక్కువ ఆర్‌పీఎంలో కుదుపులు, యాక్సిలరేటర్ తొక్కితే దగ్గినట్టు అంటుంది, అలాంటి ఇంజన్‌ని 2.73తో అయిదో గేరులో నడపడం ఇద్దరికీ హింస. దానికి క్రూజింగ్‌లో 2,200 పైన ఉండేలా చూడాలి. సూపర్‌ఛార్జర్, టర్బో ఉన్నవాళ్ళకి ఉల్టా, టార్క్ ఎలాగూ బోలెడంత ఉంది, పెద్ద నంబరు వేస్తే టైరు గిర్రున తిరిగి పొగ తప్ప ఏం రాదు. వాళ్ళకి 3.27 చాలు, 3.55 దాటొద్దు.

5. ఫస్ట్ గేరు లెక్క మర్చిపోవద్దు

నేను బోల్తా పడింది ఇక్కడే. టీ5 ఫస్ట్ 3.35, దాన్ని యాక్సిల్ రేషియోతో గుణించండి. 3.08కి 10.3, 3.73కి 12.5, 4.10కి 13.7. ఆ 13.7తో 5,500 ఆర్‌పీఎం దగ్గర బండి స్పీడు 30 మైళ్ళే, ఇంకా కూడలి దాటకముందే సెకండ్ వేయాలి, ట్రాఫిక్‌లో అయితే క్లచ్ తొక్కీ తొక్కీ కాలు పీకేస్తుంది. రోడ్డు మీద తిరిగే మాన్యువల్‌కి ఈ లెక్క 11, 12 మధ్య ఉంటే హాయిగా ఉంటుందని నా అనుభవం. ఫస్ట్ 2.95, అయిదు 0.63 ఉన్న టీ5 కూడా దొరుకుతుంది, దానికి 3.73 వేస్తే ఫస్ట్‌లో 11, హైవేలో 70 దగ్గర 2,150, అది అదిరిపోయే జోడీ. అందుకే ఎవడో "నాకు 3.73 సూపర్" అంటే ముందు వాడి గేర్‌బాక్స్ ఏదో అడగండి.

నన్నడిగితే, స్టాక్ టీ5తో రోజూ తిప్పే బండికి 3.55, వారం వారం డ్రాగ్ స్ట్రిప్‌కి వెళ్ళేవాళ్ళకి 3.73, హైవే ఎక్కని బండికే 4.10.

6. ఫిట్టింగ్

యూట్యూబ్ చూసి ఇంట్లో చేద్దామనుకుంటే ఒకసారి ఆగండి. పినియన్ లోతు షిమ్ములతో (పల్చటి రేకు వాషర్లతో) సెట్ చేయాలి, పళ్ళ మధ్య వదులు అంగుళంలో వెయ్యోవంతుల్లో కొలవాలి, పళ్ళకి రంగు పూసి ఎక్కడ ఆనుతున్నాయో చూడాలి. డయల్ ఇండికేటర్ లేకుండా అయ్యే పని కాదు, తేడా వస్తే ఊఁ అని కూత మొదలవుతుంది, అది తనంతట తాను పోదు. కొత్త బేరింగులు, కొత్త క్రష్ స్లీవ్ (పినియన్ బేరింగుల బిగువు కోసం నలిగే గొట్టం) వేయమని చెప్పండి, లిమిటెడ్ స్లిప్ అయితే ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ పోశారో లేదో అడగండి. జీఎం బళ్ళలో కొన్నిటికి రేషియో ఒక హద్దు దాటితే క్యారియర్ (రింగ్ గేరు బిగించే భాగం) కూడా మార్చాలి, ఈ మస్టాంగ్‌లో ఉండే ఫోర్డ్ 8.8 యాక్సిల్‌కి ఆ గొడవ లేదు.

బయటికొచ్చాక మొదట 15, 20 నిమిషాలు నెమ్మదిగా నడిపి పూర్తిగా చల్లారనివ్వండి, అలా రెండు మూడుసార్లు. మొదటి 500 మైళ్ళు లాంచ్‌లు, ట్రైలర్ లాగడాలు వద్దు.

చివరిగా స్పీడోమీటర్. ఈ బళ్ళలో కేబుల్ గేర్‌బాక్స్ తోక నుంచి వస్తుంది, వెనక ఏం మార్చారో దానికి తెలీదు. 3.08 నుంచి 4.10కి వెళ్ళి ఊరుకుంటే నిజంగా 60లో ఉన్నప్పుడు ముల్లు 80 చూపిస్తుంది, ఓడోమీటర్ కూడా అదే లెక్కన మైళ్ళు ఎక్కువ తిప్పేస్తుంది. కేబుల్ చివర ఉండే ప్లాస్టిక్ గేరు మార్చాలి. ఎన్ని పళ్ళది కావాలో తెలియాలంటే, గేర్‌బాక్స్ లోపల దాన్ని తిప్పే డ్రైవ్ గేరు పళ్ళు × యాక్సిల్ రేషియో × 0.8 వేయండి, ఈ సైజు టైరు మైలుకి దాదాపు 800 చుట్లు తిరుగుతుంది, కేబుల్ 1,000 తిరగాలి, అందుకని 0.8. లోపల 7 పళ్ళ గేరు, యాక్సిల్‌లో 3.73 ఉంటే 20.9 వస్తుంది, అంటే 21 పళ్ళది కొనండి. చిన్న ముక్కే, ఒక బోల్టు విప్పితే బయటికొస్తుంది, నేను మాత్రం రెండు నెలలు బద్ధకించి ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ నడిపా.