పెద్ద చేతుల గోలీకి గ్లౌజులు: ఎక్కడ తేడా వస్తోంది, ఏం చెయ్యాలి

పోయిన నెల చెన్నై వేళచ్చేరిలో ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యాక మా గోలీ (గోల్‌కీపర్) కుర్రాడు గ్లౌజులు ఊడదీసి చేతులు చూపించాడు. మధ్యవేలు, ఉంగరపువేలు గోళ్ల కింద రక్తం గడ్డకట్టి నల్లగా ఉంది. "షాట్లు గట్టిగా తగిలాయన్నా" అన్నాడు. గ్లౌజు లోపలికి వేలు పెట్టి చూశాను. మధ్యవేలి కొస దగ్గర లోపలి గుడ్డ అరిగిపోయి స్పాంజి చేతికి తగిలింది. దెబ్బ షాట్లది కాదు. బంతి వచ్చిన ప్రతిసారీ అతని వేళ్లే గ్లౌజు కొసకి గుద్దుకుంటున్నాయి. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతున్న ఆరడుగుల రెండంగుళాల పిల్లవాడికి షాపులో 9వ నంబరు తొడిగి పంపించారు.

పెద్ద చేతులున్నవాళ్లకి వచ్చే తిప్పలు చాలామటుకు ఇక్కడే మొదలవుతాయి. కాబట్టి ముందు కొలత. టైలరు టేపు తీసుకుని, బొటనవేలు వదిలేసి, అరచెయ్యి బాగా వెడల్పుగా ఉన్నచోట చుట్టూ కొలవండి. అంగుళాల్లో వచ్చిన లెక్కని పై అంకెకి తీసుకెళ్లి ఒకటి కలిపితే సుమారుగా మీ నంబరు. ఆ కుర్రాడికి 9.6 వచ్చింది. పై అంకె 10, ఒకటి కలిపితే 11. కంపెనీని బట్టి అచ్చు మారుతుంది కనుక వాళ్ల పట్టిక కూడా చూసుకోవాలి. రెండు చేతులూ కొలిచి పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. కొలిచేది కూడా అరగంట ఆడాక కొలవండి. చెన్నై ఉక్కలో ఒళ్లు వేడెక్కితే చెయ్యి కాస్త ఉబ్బుతుంది, పొద్దున్నే కొలిచిన కొలత సాయంత్రం బిగుతైపోతుంది.

వేలి కొసలు నొప్పి, గోళ్లు నల్లబడటం, వేళ్ల సందుల్లో కుట్లు విడిపోవడం

గ్లౌజు పొడుగు చాలలేదు. వేళ్లు పూర్తిగా చాపితే కొస దాటి అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా ఖాళీ ఉండాలి. ఒక నంబరు పైకి వెళ్లడమే మందు. పెరియమేట్‌లో నెహ్రూ స్టేడియం దగ్గరి షాపుల్లో నేను తిరిగినంతలో 10 దాకా చేతికందేలా ఉంటాయి, 11 కావాలంటే అడిగి తెప్పించుకోవాలి. "సార్, ఇదే పెద్దది, వాడితే సాగుతుంది" అంటే తీసుకోకండి. లేటెక్స్ (అరచేతి వైపు ఉండే రబ్బరు స్పాంజి) సాగి పెద్దదవదు, కుట్టు తెగుతుంది. వెనకవైపు గుడ్డ మీద తెగిన కుట్టుని చెప్పులు కుట్టేవాళ్ల చేత నైలాన్ దారంతో వేయించుకోవచ్చు. అరచేతి వైపు మాత్రం సూది పడనివ్వకండి, ఆ రంధ్రాల వెంటే లేటెక్స్ చీలిపోతుంది.

పొడుగు సరిపోయింది, అరచెయ్యి పట్టేస్తోంది

పది నిమిషాలకే తిమ్మిరెక్కుతుంటే నంబరు కంటే ముందు కట్ (వేళ్ల దగ్గర కుట్టిన తీరు) చూడండి. నెగటివ్ కట్‌లో కుట్లు లోపలికి ఉంటాయి, వేళ్లకి అతుక్కుని కూర్చుంటుంది. సన్నచేతికి అది హాయి, వెడల్పు చేతికి అదే శిక్ష. ఫ్లాట్ కట్‌లో కుట్లు బయటికి ఉంటాయి, లోపల చోటు ఎక్కువ. వెడల్పు చేతికి నా ఓటు దానికే. ముంజేతి పట్టీ కూడా చూడండి: మణికట్టు లావుగా ఉంటే వెల్క్రో అంచు దాకా రాక సగమే అంటుకుంటుంది, డైవ్ చేసినప్పుడు ఊడిపోతుంది.

గ్లౌజు లోపల చెయ్యి తిరిగిపోతోంది

వేళ్లు పొడుగు, అరచెయ్యి సన్నం ఉన్నవాళ్ల బాధ ఇది. వేళ్ల కోసం పెద్ద నంబరు కొంటారు, మిగతాదంతా వదులు. వీళ్లకి అదే నంబరులో నెగటివ్ కట్ గానీ, లేటెక్స్ వేలి చుట్టూ తిరిగొచ్చే రోల్ ఫింగర్ గానీ నప్పుతుంది. వేళ్ల వెనక గట్టి పుల్లలున్న రకమైతే, ఆ పుల్ల వంగే చోటు మీ కణుపు దగ్గరికి వస్తోందో లేదో చూసుకోండి. పొడుగు వేళ్లకి అది కిందే ఆగిపోయి కణుపు మీద పోటు పెడుతుంది. తీసెయ్యగలిగే రకమైతే పుల్లలు తీసేసి ఆడటమే మేలు.

కొత్త గ్లౌజు, అయినా బంతి జారుతోంది

లేటెక్స్ మీద ఫ్యాక్టరీలో పట్టిన పూత ఇంకా ఉంది. గోరువెచ్చని నీళ్లలో మెల్లగా నొక్కుతూ, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి నీడన ఆరబెట్టండి. ఆటకి ముందు అరచేతులు కాస్త తడపండి. మెత్తటి లేటెక్స్ పొడిగా ఉంటే పట్టు చూపించదు, చెమ్మ తగలాలి. కీపర్లు అరచేతుల్లో ఉమ్ముకునేది అందుకే.

రెండు నెలలకే అరచెయ్యి గట్టిపడి పెచ్చులూడుతోంది

నన్ను ఎక్కువ మంది అడిగేది ఇదే, చెన్నైలో దీనికి కారణాలూ ఎక్కువే. మొదటిది చెమట. అందులోని ఉప్పు లేటెక్స్‌లోనే ఉండిపోయి దాన్ని తినేస్తుంది. రెండోది కడిగే నీళ్లు. మా ఇంటి బోరు నీళ్లు బకెట్‌లో ఎండితే అంచున తెల్లటి చార మిగులుతుంది, వేలితో గీకితే పొడి రాలుతుంది. అలాంటి నీళ్లతో కడిగి ఉప్పు పోయిందనుకుంటే, పోయిన దానికి ఇంకొంత కలిపినట్టే. నేను బోరు నీళ్లతో మురికి వదిలించి, ఆఖరి జాడింపు రెండు చెంబుల మెట్రో వాటర్ (కొళాయి నీళ్లు)తోనో క్యాన్ నీళ్లతోనో చేస్తాను. బట్టల సబ్బు వద్దు, సర్ఫ్ అసలే వద్దు. గ్లౌజుల కోసం అమ్మే ద్రావణం లేకపోతే రెండు చుక్కల పిల్లల షాంపూ చాలు. పిండకండి, రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కండి.

మూడోది ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మూడు నాలుగు మిల్లీమీటర్ల లేటెక్స్ ఎంత? మేడ మీద దండేనికి వెయ్యకండి, ఇంట్లో ఫ్యాను గాలికి వేలాడదీయండి. అన్నిటికంటే పాడు చోటు స్కూటీ డిక్కీ. చెమటతో తడిసిన జతని అందులో మూసి, మధ్యాహ్నమంతా బండి ఎండలో నిలబెడితే అది ఉడికిపోతుంది. వాసన రావడానికీ కారణం అదే. ఆట అవగానే గాలి ఆడే వలసంచిలో వేసుకోండి.

రెండు అరచేతులూ అతుక్కుపోయాయి

లాగకండి, ఒకదాని పెచ్చు ఇంకోదానికి వచ్చేస్తుంది. నీళ్లలో నానబెట్టి, వాటంతట అవి వదిలే కొద్దీ విడదీయండి. దాచేటప్పుడు మధ్యలో పలుచటి ప్లాస్టిక్ కాగితం పెడితే మళ్లీ అతుక్కోవు.

అరచేతి అడుగున, మణికట్టు దగ్గర చిరుగు

కృత్రిమ గడ్డి మీద లేచే పద్ధతి వల్ల వస్తుంది. భారీ మనిషి అరచెయ్యి ఆనించి లేస్తే ఒంటి బరువంతా ఆ రెండంగుళాల లేటెక్స్ మీద పడి, గడ్డి గరగరకి గీరుకుపోతుంది. పిడికిలి ఆనించి లేవడం అలవాటు చేసుకోండి. ప్రాక్టీసుకి గట్టి లేటెక్స్ జత ఒకటి, మ్యాచ్‌కి మెత్తటిది ఒకటి పెట్టుకోండి. గట్టిదానికి పట్టు కాస్త తక్కువ, మన్నిక ఎక్కువ. పాతబడ్డ మ్యాచ్ జతని పారెయ్యకుండా ప్రాక్టీసులోకి దించుకోవచ్చు. లేటెక్స్ అరిగి కింది గుడ్డ రూపాయి బిళ్లంత కనిపిస్తే మాత్రం ఆ జత పని అయిపోయినట్టే, దానితో గట్టి షాట్ల ముందు నిలబడకండి.