విదేశాల్లో జియాలజీ డిగ్రీ: ఇంటర్ నుంచే ఎలా సిద్ధం కావాలి?

విజయవాడ, గుంటూరు కాలేజీల్లో ఇంటర్ చదివే పిల్లలకు ఇంజినీరింగ్ దారి, మెడిసిన్ దారి కంఠతా వచ్చు. భూమి గురించి చదవాలనుకునే పిల్లలకు మాత్రం దారి చెప్పేవాళ్లు తక్కువ. బెంజి సర్కిల్ దగ్గర, బ్రాడీపేటలో కన్సల్టెన్సీలకు కొదవ లేదు కానీ, అక్కడ ఎక్కువగా నడిచేది కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ వ్యవహారమే. ఇంటర్ అయ్యాక నేరుగా విదేశంలో జియాలజీ డిగ్రీలో చేరవచ్చు. అయితే ఏడాదిన్నర ముందు నుంచే పని మొదలుపెట్టాలి. అంటే ఇంటర్ మొదటి సంవత్సరం సంక్రాంతి సెలవుల నాటికి.

1. ఏ శాఖో తేల్చుకోండి

రాళ్లు, ఖనిజాలు, భూమి చరిత్ర చదివేది జియాలజీ. భూకంప తరంగాలు, గురుత్వాకర్షణ, అయస్కాంత క్షేత్రం కొలిచి నేల లోపల ఏముందో లెక్కగట్టేది జియోఫిజిక్స్. భూగర్భజలాలకు హైడ్రోజియాలజీ, ఆనకట్టలకూ సొరంగాలకూ ఇంజినీరింగ్ జియాలజీ ఉన్నాయి. సముద్రశాస్త్రం, వాతావరణశాస్త్రం కూడా ఈ కుటుంబంలోవే.

ఎంపీసీ వాళ్లకు అన్నీ అందుబాటులో ఉంటాయి. బైపీసీ వాళ్లు జియోఫిజిక్స్ మీద ఆశ పెట్టుకోకపోవడం మంచిది, అది సగానికి పైగా లెక్కలే. జియాలజీ, ఎన్విరాన్‌మెంటల్ జియోసైన్స్ కోర్సుల్లో కెమిస్ట్రీ, బయాలజీ చాలనే యూనివర్సిటీలు కొన్ని ఉన్నాయి. అర్హతల పేజీలో ‘రెండు సైన్స్ సబ్జెక్టులు’ అని రాశారా, ‘మ్యాథ్స్ తప్పనిసరి’ అని రాశారా అన్నది చూసుకోండి.

2. ఇంటి దగ్గరి రాళ్లతో మొదలుపెట్టండి

ఈ పనిని ఎవరూ చెప్పరు. అప్లికేషన్‌కు బలం వచ్చేది మాత్రం ఇక్కడి నుంచే. పైగా ఎండలో రాయి ముందు కూర్చుని రెండు గంటలు గడపడం మీకు నచ్చుతుందో లేదో లక్షలు ఖర్చుపెట్టక ముందే తెలిసిపోతుంది.

ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల పిల్లలు ఈ విషయంలో అదృష్టవంతులు. మొగల్రాజపురం, ఇంద్రకీలాద్రి కొండలు ఖోండలైట్ రాయి. దగ్గరగా చూస్తే అందులో ఎర్రటి గార్నెట్ గింజలు కనిపిస్తాయి. కొండపల్లి వైపు వెళ్తే చార్నొకైట్ దొరుకుతుంది. రెండూ భూమి లోతుల్లో విపరీతమైన వేడికి, ఒత్తిడికి మారిన శిలలే. పల్నాడులోకి వెళ్తే కథ మారుతుంది: పిడుగురాళ్ల, మాచర్ల చుట్టూ పొరలు పొరలుగా సున్నపురాయి. అది కడప బేసిన్‌కు చెందిన పాత సముద్రపు అడుగు. అక్కడికి దగ్గర్లోని అగ్నిగుండాల రాగి, సీసం నిక్షేపాలకు పేరు. బాపట్ల దగ్గర సూర్యలంక తీరానికి ఒక అయస్కాంతం పట్టుకెళ్లి నల్ల ఇసుకలో తిప్పండి, దానికి అంటుకునేవి ఎక్కువగా మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు గింజలు. గుంటూరు మిర్చి, పత్తి పొలాల నల్లరేగడి వేసవిలో ఎందుకు బీటలు వారుతుందో కూడా జియాలజీ ప్రశ్నే: అందులోని స్మెక్టైట్ బంకమన్ను నీరు తాగి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది.

బయటికి వెళ్లే ముందు భారతీయ భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ నడిపే భూకోశ్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకుని మీ ప్రాంతపు జియాలజీ మ్యాపు ఉచితంగా దించుకోండి. 1:50,000 స్కేలు మ్యాపులో రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. గీతల్లేని నోట్‌బుక్కు, పెన్సిలు, పది రెట్లు పెద్దదిగా చూపే చేతి లెన్సు చాలు. ప్రతి చోటా తేదీ, జీపీఎస్ స్థానం, రాయి రంగు, గింజల పరిమాణం, పొరలు ఎటు ఎన్ని డిగ్రీలు వాలాయో రాయండి. ఫొటో తీసి ఊరుకోవద్దు, బొమ్మ గీయండి, పక్కన స్కేలు గుర్తు పెట్టండి. ఫొటోలో అన్నీ పడతాయి. గీసేటప్పుడే ఏది ముఖ్యమో మీరు తేల్చుకోవాల్సి వస్తుంది.

ఉండవల్లి గుహల్లాంటి రక్షిత కట్టడాల దగ్గర సుత్తి తీయకూడదు, అది నేరం. క్వారీల్లోకి అనుమతి లేకుండా, ఒంటరిగా వెళ్లకండి. డిసెంబరు, జనవరి ఈ పనికి అనువైన నెలలు. మే ఎండల్లో కొండ ఎక్కితే వడదెబ్బ తగులుతుంది.

తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లలకు ఎర్త్ సైన్స్ ఒలింపియాడ్ ఉంది. జాతీయ స్థాయి పరీక్షను జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా నడుపుతుంది. అంతర్జాతీయ పోటీ 2007లో దక్షిణ కొరియాలో మొదలైంది, 2013లో మైసూరులో జరిగింది. ఎంపిక కాకపోయినా రాయడమే లాభం, ఎందుకంటే మన ఎంపీసీ, బైపీసీ సిలబస్‌లో జియాలజీ పాఠం లేదు.

3. కోర్సు ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి?

ర్యాంకుల పట్టిక పక్కన పెట్టి మాడ్యూళ్ల (కోర్సులో చదివే సబ్జెక్టుల) జాబితా తెరవండి. జియాలజీ డిగ్రీ విలువంతా ఫీల్డ్‌వర్క్‌లో ఉంటుంది. మొదటి ఏడాది ఎన్ని రోజులు, మొత్తం మీద ఎన్ని రోజులు బయట ఉంటారు? ఆ ఖర్చు ఫీజులో కలిసే ఉందా, విడిగా కట్టాలా? వెబ్‌సైట్‌లో లేకపోతే అడ్మిషన్స్ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టండి, జవాబిస్తారు. ‘ఫీల్డ్ ట్రిప్పులు ఐచ్ఛికం’ అని ఉన్న జియాలజీ కోర్సును మేమైతే వదిలేయమంటాం.

బ్రిటన్‌లో మంచి కోర్సుల్లో రెండో ఏడాది తర్వాత వేసవిలో నాలుగు నుంచి ఆరు వారాల పాటు విద్యార్థే ఒక ప్రాంతాన్ని నడిచి సొంతంగా జియాలజీ మ్యాపు తయారుచేయాలి. అమెరికాలో దాదాపు ఇదే పని ఫీల్డ్ క్యాంపు పేరుతో ఐదారు వారాలు ఉంటుంది, చాలాచోట్ల దానికి ఫీజు విడిగా కట్టాలి. బడ్జెట్‌లో ఇది మర్చిపోయి మూడో ఏడాది ఇబ్బంది పడేవాళ్లు ఎక్కువ.

బ్రిటన్ కోర్సుకు లండన్ జియలాజికల్ సొసైటీ గుర్తింపు ఉందో లేదో చూడండి. ఇది 1807లో ఏర్పడిన సంస్థ, తర్వాత చార్టర్డ్ జియాలజిస్ట్ హోదాకు ఆ గుర్తింపు పనికొస్తుంది. కెనడాలో ప్రొఫెషనల్ జియోసైంటిస్ట్‌గా నమోదు కావాలంటే ఫలానా సబ్జెక్టులు చదివి ఉండాలన్న జాబితా ఉంటుంది. కోర్సు పేరు ఎంత బాగున్నా ఆ సబ్జెక్టులు తగ్గితే నమోదు దగ్గర ఆగిపోతారు.

ఇక ఉద్యోగం మాట. గనులు, భూగర్భజలాలు, భూ ఉష్ణశక్తి, పునాదుల పరిశోధన, కాలుష్య స్థలాల శుభ్రత, చమురు-గ్యాస్: పని దొరికేది వీటిలో. ఇండియాకు తిరిగి వచ్చి ప్రభుత్వ సర్వీసులో చేరాలనుకుంటే ఇప్పుడే ఒక విషయం తెలుసుకోండి. భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థలో జియాలజిస్టు ఉద్యోగాలకు యూపీఎస్సీ పెట్టే కంబైండ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయాలంటే మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి. మూడేళ్ల విదేశీ బీఎస్సీ ఒక్కటే చాలదు. కాబట్టి ఐదేళ్ల లెక్కతో ప్లాన్ వేయండి, విదేశీ డిగ్రీకి ఇక్కడి తుల్యతా నిబంధనలు కూడా చేరకముందే చదవండి.

4. దేశం

ఆస్ట్రేలియా మన ఇంటర్ క్యాలెండర్‌కు బాగా సరిపోతుంది. ఫలితాలు ఏప్రిల్‌లో వస్తాయి, అక్కడ అడ్మిషన్లు జులైలోనూ ఫిబ్రవరిలోనూ ఉంటాయి, చేతిలో పూర్తి మార్కులతో దరఖాస్తు చేయవచ్చు. ఇనుము, బంగారం గనులకు పేరున్న పశ్చిమ ఆస్ట్రేలియాలో పెర్త్ యూనివర్సిటీలు ఈ సబ్జెక్టులో బలమైనవి. స్టూడెంట్ వీసా ఫీజే 2,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, తిరస్కరిస్తే తిరిగి రాదు.

బ్రిటన్‌కు దరఖాస్తు యూక్యాస్ అనే ఉమ్మడి దరఖాస్తు పోర్టల్ ద్వారా. గరిష్ఠంగా ఐదు కోర్సులు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు అక్టోబరు 15, మిగతా వాటికి జనవరి మధ్య గడువు. అన్ని యూనివర్సిటీలూ రాష్ట్ర బోర్డు ఇంటర్‌ను ఒకేలా చూడవు. కొన్ని సీబీఎస్‌ఈ కన్నా ఎక్కువ శాతం అడుగుతాయి, కొన్ని అసలు ఒప్పుకోవు. ఐదు ఎంపికలు పెట్టేముందు ‘ఇండియా’ పేజీలో ఆంధ్రప్రదేశ్ బోర్డు గురించి ఏముందో చూడకపోతే ఆ ఎంపికలు వృథా అవుతాయి.

జర్మనీ పేరు వినగానే ‘ఫీజు లేదు’ అంటారు. చాలా రాష్ట్రాల్లో అది నిజమే. బాడెన్-వుర్టెంబర్గ్‌లో మాత్రం మన విద్యార్థులు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. అసలు అడ్డంకి భాష: బ్యాచిలర్ స్థాయి జియాలజీ దాదాపు అంతా జర్మన్‌లోనే. సున్నా నుంచి సీ1 స్థాయికి, అంటే ధారాళంగా చదివి మాట్లాడే స్థాయికి, చేరడానికి ఏడాదిన్నర గట్టిగా చదవాలి. రెండోది అర్హత. ఇంటర్ మార్కులు ఒక్కటే ఉంటే నేరుగా సీటు రాదు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధించినవాళ్లు సైన్స్, ఇంజినీరింగ్ కోర్సులకు నేరుగా దరఖాస్తు చేయవచ్చు. లేదంటే ఇక్కడ డిగ్రీ మొదటి ఏడాది పాసవ్వాలి, లేదా అక్కడ స్టూడియన్‌కొల్లెగ్ అనే సన్నాహక ఏడాది చదవాలి. పత్రాల పరిశీలనకు ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పదు, దాని ఫీజు 18,000 రూపాయలు. భాషకు సిద్ధపడ్డవాళ్లకు 1765లో మొదలైన ఫ్రైబర్గ్ మైనింగ్ యూనివర్సిటీ ఉన్న దేశమిది.

అమెరికాలో చేరాక రెండో ఏడాదికి మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఎంచుకోవచ్చు కాబట్టి ఇంకా తేల్చుకోలేనివాళ్లకు అనుకూలం. ఖర్చు మాత్రం అన్నింటికన్నా ఎక్కువ. ఎంఐటీ లాంటి కొన్ని సంస్థలు కుటుంబ ఆదాయం చూడకుండా ఎంపిక చేసి అవసరమైనంత సాయం ఇస్తాయి, పోటీ కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

5. కాగితాలు

ఇక్కడ చెడేది ఎక్కువగా పేరు దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, ఇంటర్ మెమోలో ఇంకోలా ఉంటుంది. అప్లికేషన్, ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిష్ పరీక్ష), బ్యాంకు పత్రాలన్నీ పాస్‌పోర్టులో ఉన్నట్టే నింపండి. తేడాలుంటే ఇంటర్ మొదటి ఏడాదిలోనే సరిచేయించుకోండి, రెండో ఏడాది చివర్లో సమయం ఉండదు. పాస్‌పోర్టు లేకపోతే విజయవాడ సేవా కేంద్రంలో ఇప్పుడే దరఖాస్తు చేయండి.

ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లు చెల్లుతుంది, సాధారణంగా 6.5 అడుగుతారు. మొదటి ఏడాది పరీక్షలయ్యాక వేసవిలో రాసేస్తే రెండో ఏడాది ప్రశాంతంగా ఉంటుంది.

బ్రిటన్, అమెరికా అప్లికేషన్లు రెండో ఏడాది మధ్యలో వెళ్తాయి, అప్పటికి చేతిలో ఉండేవి మొదటి ఏడాది మార్కులే. మిగతాదానికి అంచనా మార్కులు కాలేజీ ఇవ్వాలి. మన జూనియర్ కాలేజీల్లో ఈ అలవాటు లేదు. జులైలోనే ప్రిన్సిపల్‌ను కలిసి, మొదటి ఏడాది మార్కులు, యూనిట్ టెస్టుల సగటు చూపించి లెటర్‌హెడ్ మీద అంచనా అడగండి. సిఫారసు లేఖ ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ లెక్చరర్‌ది అయితే మేలు. కాలేజీ ఈమెయిల్ నుంచి పంపమని చెప్పండి, సొంత జీమెయిల్ నుంచి వచ్చిన లేఖను కొన్ని యూనివర్సిటీలు అనుమానిస్తాయి. లేఖ మీరే రాసి సంతకం పెట్టించుకునే పద్ధతి వద్దు, దొరికితే అప్లికేషన్ రద్దవుతుంది.

6. వ్యాసం

యూక్యాస్‌లో ఇప్పుడు ఒకే పెద్ద వ్యాసం బదులు మూడు ప్రశ్నలుంటాయి: ఈ కోర్సు ఎందుకు, చదువు మిమ్మల్ని ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశారు. మూడింటికీ కలిపి 4,000 అక్షరాలు, ఒక్కోదానికి కనీసం 350.

‘చిన్నప్పటి నుంచి ప్రకృతి అంటే ఇష్టం’ అని రాస్తే చదివేవాళ్లు పక్కన పెడతారు. దానికి బదులు ఒక ప్రశ్న పట్టుకోండి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వెళ్లింది, అదే సమయంలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. ఆ వాగు పాత దారి ఎక్కడ, ఉపగ్రహ చిత్రాల్లో అది కనిపిస్తుందా? ఎగువ ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోతే కృష్ణా డెల్టా అంచు ఏమవుతుంది? మీరు ఏం చూశారు, ఏం కొలిచారు, ఏం తేలలేదు అన్నది రాయండి. తేలని సంగతి రాయడానికి వెనకాడవద్దు, ఈ శాస్త్రంలో అధ్యాపకులకు నచ్చేది అదే.

7. డబ్బు

మన వైపు చాలా కుటుంబాల ఆస్తి పొలం రూపంలో ఉంటుంది. విద్యారుణానికి వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు హామీగా తీసుకోవు, ఎందుకంటే బాకీ వసూలుకు వాడే సర్ఫేసీ చట్టం సాగుభూమికి వర్తించదు. ఇల్లు, అనుమతులున్న స్థలం, ఫిక్స్‌డ్ డిపాజిట్ పనికొస్తాయి. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, లీగల్ ఒపీనియన్‌కు నెల పైనే పడుతుంది. పొలం అమ్మి కడదామనుకుంటే ఇంకా ముందుగా కదలాలి: బ్రిటన్ వీసాకు డబ్బు ఖాతాలో వరసగా 28 రోజులు ఉండాలి, ఒక్క రోజు తగ్గినా తిరస్కరిస్తారు.

ఆ మొత్తం ఎంతంటే, మొదటి ఏడాది ఫీజులో మిగిలిన భాగంతో పాటు లండన్ బయట నెలకు 1,171 పౌండ్లు, లండన్‌లో 1,529, తొమ్మిది నెలలకు. ఆరోగ్య సర్‌ఛార్జి ఏడాదికి 776 పౌండ్లు, వీసా కోర్సు కన్నా కొన్ని నెలలు ఎక్కువ ఉంటుంది కాబట్టి మూడేళ్ల కోర్సుకు సుమారు 2,700 అవుతుంది, అదీ ముందే కట్టాలి. జర్మనీకి బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతాలో) 11,904 యూరోలు. అమెరికాకు సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజు 350 డాలర్లు, వీసా దరఖాస్తు ఫీజు 185.

విద్యారుణం నుంచి పంపే ఫీజుకు టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) ఉండదు. సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటితే ఆ పై మొత్తం మీద పడుతుంది, ఆదాయపన్ను రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు.

8. సీటు వచ్చాక

బ్రిటన్ వీసాకు టీబీ పరీక్ష చేయించాలి. అమెరికా ఇంటర్వ్యూ హైదరాబాద్ కాన్సులేట్‌లో. ‘ఎందుకు జియాలజీ?’ అని అడగవచ్చు, రెండు వాక్యాల్లో సొంత మాటల్లో చెప్పగలగాలి.

సుత్తి, కంపాస్ అక్కడే కొనండి, చాలా డిపార్ట్‌మెంట్లు మొదటి వారంలో ఏది కొనాలో చెబుతాయి. మడమ కప్పే బూట్లు మాత్రం నెల ముందు కొని రోజూ గంట నడవండి. కొత్త బూట్లతో నేరుగా ఫీల్డ్‌కు వెళ్తే రెండో రోజుకే కాళ్లు బొబ్బలెక్కుతాయి.

బ్రిటన్‌లో చేరేవాళ్లు ఇంకొకటి గమనించాలి. అక్కడి ఫీల్డ్ ట్రిప్పులు తరచూ స్పెయిన్‌లోనో ఇటలీలోనో ఉంటాయి. తోటి విద్యార్థులు పాస్‌పోర్టు పట్టుకుని వెళ్లిపోతారు, మన పాస్‌పోర్టుకు మాత్రం షెంజెన్ వీసా (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) కావాలి. అపాయింట్‌మెంట్లు వారాల తరబడి దొరకవు. మొదటి సెమిస్టర్‌లోనే ట్రిప్పు తేదీలు అడిగి, డిపార్ట్‌మెంట్ నుంచి లేఖ తీసుకుని, వీలైనంత ముందుగా దరఖాస్తు చేయండి.