బండి రంగు చెడితే: లోపం ఏ పొరలో ఉంది, ఎంతవరకు విప్పాలి

కొత్తగా రంగు వేయించిన బైకు ట్యాంకు మీద బుడగో ముడతో కనిపిస్తే షెడ్డులో మొదట వినిపించే మాట "ఇంకో కోటు కొట్టేద్దాం, పోతుంది" అని. పోదు. పైన కనిపించే లోపం దాదాపు ఎప్పుడూ కింది పొరలోనే పుడుతుంది. పైన కొట్టిన కోటు దాన్ని నెల రోజులు దాచిపెడుతుంది, తర్వాత ఇంకా పెద్దదిగా చూపిస్తుంది. కాబట్టి డబ్బా మూత తీయకముందే తేల్చుకోవాల్సింది లోపం ఏ పొరలో ఉందన్నది.

కింది నుంచి పైకి పొరల వరస ఇది: రేకు, ఎపాక్సీ ప్రైమర్ (రేకును పట్టుకునే తొలి పొర), పుట్టీ (సొట్టలు పూడ్చే ముద్ద), సర్ఫేసర్ (గీతలు సమం చేసే పొర), బేస్ కోటు (అసలు రంగు), పైన క్లియర్ (రంగులేని పారదర్శక పొర). షెడ్లలో ఈ క్లియర్‌నే లక్కర్ అంటారు.

రెండు చిన్న పరీక్షలతో సగం విషయం తెలుస్తుంది. దూదిని ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌లో ముంచి, ట్యాంకు అడుగున కనిపించని చోట అర నిమిషం అదిమి పట్టండి. రంగు దూదికి అంటితే అది డ్యూకో (నైట్రోసెల్యులోజ్ రంగు) గానీ, హార్డనర్ (గట్టిపరిచే మందు) కలపని మరో సింగిల్ ప్యాక్ రంగు గానీ. అంటకపోతే పైన హార్డనర్ కలిపిన పీయూ (పాలీయురేథేన్) క్లియర్ గానీ, కంపెనీలో భట్టీలో కాల్చిన రంగు గానీ ఉన్నట్టు. రెండోది: లోపం ఉన్నచోట 1500 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్లు పెట్టి నాలుగు రుద్దులు రుద్దండి. తెల్లటి పాలు వస్తే మీరింకా క్లియర్‌లోనే ఉన్నారు. రంగు నీళ్లు వస్తే బేస్‌కి చేరారు, అక్కడే ఆపండి.

స్ప్రే గన్ పట్టుకుని ఉండగానే కనిపించేవి

*గుండ్రటి గుంటలు, మధ్యలో కింది పొర కనిపిస్తోంది.* షెడ్లలో ఫిష్ ఐ అనే ఈ జబ్బుకు కారణం చాలావరకు సిలికాన్. టైర్ పాలిష్, సీటుకు కొట్టే మెరుపు స్ప్రే, కొన్ని చైన్ స్ప్రేలు, వీటిలో ఏది ట్యాంకు మీద పడినా ఇదే గతి. పక్కన ఇంకో బండికి పాలిష్ కొడుతున్నా చాలు. మిగిలిన వాటిలో ఎక్కువ భాగం కంప్రెసర్ నుంచి వచ్చే నూనె, నీరు. గన్‌లో రంగు పోయకుండా శుభ్రమైన అద్దం మీద ఒక నిమిషం ఉత్త గాలి కొట్టి చూడండి, చుక్కలు పడితే దొంగ గాలి గొట్టంలోనే ఉన్నాడు. కంప్రెసర్ ట్యాంకులోని నీరు వదిలి, ఫిల్టర్ మార్చాలి.

బేస్ కోటులో రెండు మూడు గుంటలే ఉంటే ఆపి, ఆరనిచ్చి, ఆ చోట పొడిపొడిగా రెండు సన్నని పొరలు చల్లితే మూసుకుంటాయి. క్లియర్‌లో వస్తే మాత్రం పూర్తిగా ఆరాక 800 నంబరు పేపర్‌తో గుంట పోయేదాకా రుద్ది, కడిగి, మళ్లీ బేస్, క్లియర్ వేయాల్సిందే. ఇక్కడ క్రమం ముఖ్యం. వ్యాక్స్, గ్రీజు తీసే క్లీనర్‌తో తుడవడం రుద్దడానికి ముందూ ఉండాలి, తర్వాతా ఉండాలి. ముందు తుడవకుండా పేపర్ పెడితే సిలికాన్‌ను గీతల్లోకి నూరినట్టే. రెండు గుడ్డలు పట్టుకోండి: ఒకదానితో తడపండి, అది ఆరిపోకముందే రెండోదానితో తుడవండి. పెట్రోలుతో, కిరోసిన్‌తో తుడవడం మానుకోండి, రెండూ జిడ్డు పొర వదులుతాయి. గుంటలు రాకుండా రంగులోనే కలిపే మందు దొరుకుతుంది గానీ, అందులో ఉండేదీ సిలికానే. ఒకసారి వాడితే ఆ పనిలో మిగతా కోట్లన్నింటికీ కలపాలి, గన్ విప్పి కడగాలి.

*నారింజ తొక్కలా గరుకు.* రంగు చిక్కగా ఉంది, లేదా గాలి చాలలేదు, లేదా గన్ దూరంగా పట్టారు. ఎండాకాలంలో నాలుగో కారణం కలుస్తుంది: వేగంగా ఆరే థిన్నర్. 40 డిగ్రీల వేడిలో చుక్కలు పరుచుకోకముందే ఆరిపోతాయి. క్లియర్‌కు 1.3 లేదా 1.4 మి.మీ. నాజిల్, ట్రిగ్గర్ నొక్కినప్పుడు గన్ దగ్గర సుమారు 2 బార్ గాలి, 15 నుంచి 20 సెం.మీ. దూరం, ఒక పట్టీ మీద ఇంకో పట్టీ సగానికి పైగా ఎక్కేలా చేయి నడపాలి. వేసవిలో స్లో థిన్నర్, స్లో హార్డనర్ అడిగి తెచ్చుకుని తెల్లవారుజామున కొట్టడం మంచిది. ఇప్పటికే వచ్చిన గరుకు క్లియర్‌లోనే ఉంటే 1500, 2000, 3000 వరసగా రుద్ది బఫింగ్ చేస్తే పోతుంది. ట్యాంకు మడతల మీద, అంచుల మీద పొర పల్చగా ఉంటుంది కాబట్టి అక్కడ మెషిన్ పెట్టకండి, చేత్తోనే చేయండి.

*కారిన ధారలు.* తడిగా ఉండగా గుడ్డతో తుడిచారంటే పని రెట్టింపవుతుంది. వదిలేయండి. కనీసం ఒక రోజు, ధార లావుగా ఉంటే రెండు మూడు రోజులు గట్టిపడనిచ్చి, చెక్క దిమ్మెకు 1000 పేపర్ చుట్టి ధార నెత్తి మాత్రమే అరగదీసి, 1500, 2000తో సమం చేయండి. చేతివేళ్లతో రుద్దితే ధార పక్కన గుంట పడుతుంది.

*పాలు పోసినట్టు తెల్లబారడం.* డ్యూకో వేసేవాళ్లకు వానాకాలంలో, కాకినాడ, విశాఖ లాంటి తీరపు ఊళ్లలో తరచూ ఎదురయ్యేది ఇదే. థిన్నర్ ఆవిరవుతూ పొరను చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద నీరై కూర్చుంటుంది. గాలిలో తేమ 80 శాతం దాటిన రోజు గన్ పట్టకపోవడమే మేలు. వచ్చేసిన తెలుపు పైపైనే ఉంటే రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసే మందు) కలిపిన థిన్నర్‌ను ఎండగా, పొడిగా ఉన్నప్పుడు సన్నగా చల్లితే పొర మళ్లీ కరిగి తేమ వెళ్లిపోతుంది.

మర్నాటి నుంచి నెలలోపు బయటపడేవి

*ముడతలు.* పాత డ్యూకో మీద గానీ, ఆరని ఇనామెల్ మీద గానీ పీయూ కొట్టారు. పీయూ థిన్నర్ కింది పొరను ఉబ్బించి ఎత్తేసింది. దీనికి అడ్డదారి లేదు. ముడత పడిన భాగమే కాదు, ఆ పాత పొర ఉన్నంత మేరా రేకు దాకా తీసి ఎపాక్సీ ప్రైమర్‌తో మొదలుపెట్టాలి. పని మొదలయ్యే ముందు పైన చెప్పిన దూది పరీక్ష చేసి ఉంటే ఈ ఖర్చు తప్పేది.

*పేపర్ గీతలు తేలడం, పుట్టీ అంచు గుర్తు కనిపించడం.* షెడ్డు నుంచి తెచ్చిన రోజు అద్దంలా ఉంటుంది, రెండు వారాలకు గీతలు లేస్తాయి. సర్ఫేసర్ ఆరకముందే రుద్దడం ఒక కారణం, నంబర్లు దాటవేయడం ఇంకో కారణం. పుట్టీని 80తో మొదలుపెట్టి 180, 320కి రావాలి. సర్ఫేసర్‌ను సాదా రంగుకు 600తో, మెటాలిక్‌కు 800తో ముగించాలి. 80 నుంచి నేరుగా 400కు దూకితే 80 గీతల లోయలు సర్ఫేసర్ కిందే మిగిలిపోతాయి. పుట్టీలో హార్డనర్ సుమారు 2 శాతం, అంటే 100 గ్రాములకు 2 గ్రాములు. తొందరగా గట్టిపడాలని ఎక్కువ కలిపితే అందులోని పెరాక్సైడ్ పైకి వచ్చి లేత రంగుల మీద మరకలు తేలుస్తుంది. నెల రోజులు ఎండలో తిరగనిచ్చి, కుంగడం ఆగాక, క్లియర్ 1000తో సమంగా రుద్ది మళ్లీ రెండు కోట్లు క్లియర్ వేస్తే చిన్న గీతలు పోతాయి. పుట్టీ అంచు వేలికి తగులుతుంటే మాత్రం సర్ఫేసర్ దాకా దిగాలి.

*సూదిమొన బొబ్బలు.* కోటుకూ కోటుకూ మధ్య వ్యవధి ఇవ్వలేదు. క్లియర్ రెండు కోట్ల మధ్య 10 నుంచి 15 నిమిషాలు ఆగి, మాస్కింగ్ టేప్ మీద పడిన క్లియర్‌ను వేలితో తాకి చూడాలి. దారంలా సాగితే ఇంకా ఆగాలి, జిగటగా ఉండి వేలికి రాకపోతే కొట్టవచ్చు. త్వరగా ఆరుతుందని ట్యాంకును వెంటనే ఎండలో పెట్టినా ఇదే జరుగుతుంది: పైపొర ముందే బిగుసుకుని, లోపలి థిన్నర్ దాన్ని పొడుచుకుని వస్తుంది.

నెలల తర్వాత వచ్చేవి

*పెట్రోలు మూత చుట్టూ మెత్తబడటం, రంగు మారడం.* సింగిల్ ప్యాక్ క్లియర్ పెట్రోలుకు ఆగదు. బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది, ఒలికిన చుక్కను అలాగే వదిలేయకూడదు. ట్యాంకుకు హార్డనర్ కలిపిన పీయూ క్లియరే వేయించండి. కలిపే పాళ్లు డబ్బా మీద రాసి ఉంటాయి. 2కి 1, 4కి 1 ఎక్కువగా కనిపిస్తాయి. ఒక కంపెనీ క్లియర్‌కు ఇంకో కంపెనీ హార్డనర్ పోసినా, కంటితో కొలిచి పోసినా పొర ఎన్నాళ్లైనా పూర్తిగా గట్టిపడదు. గోరు గుచ్చితే గుర్తు పడుతోందంటే ఆ క్లియర్ మొత్తం తీసేయాలి. పాళ్లు సరిగ్గా ఉన్నా, బూత్‌లో వేడి పెట్టకుండా బయట ఆరబెట్టిన క్లియర్‌కు పెట్రోలును తట్టుకునే శక్తి రావడానికి వారం పడుతుంది. ఆ వారం ట్యాంకు నిండా కొట్టించకండి.

ట్యాంకు, రెండు సైడ్ ప్యానెళ్లు, రెండు మడ్‌గార్డులకు రెండు కోట్లు వేయడానికి కలిపిన క్లియర్ సుమారు అర లీటరు చాలు. మిగిలింది దాచి రేపు వాడదామంటే కుదరదు, వేసవిలో గంటన్నరకే చిక్కబడుతుంది.

*ట్యాంకు అడుగున, అతుకుల వెంట బుడగలు.* చిదిపితే తుప్పు నీరో పెట్రోలు వాసనో వస్తే లోపం రంగులో లేదు, రేకులో ఉంది. లోపల తుప్పు తిని సూది రంధ్రం పడింది. ట్యాంకు ఖాళీ చేసి, కడిగి, రంధ్రాలు బిగించి, సైకిల్ పంపుతో అతి కొద్దిగా, 2 పీఎస్‌ఐ మించకుండా గాలి నింపి సబ్బు నీళ్లు రాస్తే కారే చోటు నురగతో చూపిస్తుంది. దానిమీద పుట్టీ పెట్టడం శుద్ధ దండగ. అతుకు వేయించాలి. ఖాళీ ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరి నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, నిప్పు తగిలితే పేలుతుంది. ట్యాంకుల పని తెలిసినవాళ్ల చేతికే ఇవ్వండి.

*పొరలుగా ఊడిరావడం.* ఊడిన పెచ్చు వెనక్కి తిప్పి చూడండి. దాని వెనుక రంగు ఉంటే ప్రైమర్ దగ్గర తెగింది, పారదర్శకంగా ఉంటే క్లియర్, బేస్ మధ్య తెగింది. క్లియర్ ఊడితే బేస్ వేశాక ఎక్కువ రోజులు వదిలేశారన్నమాట. సాధారణంగా 24 గంటల్లోపు క్లియర్ పడాలి. ప్లాస్టిక్ భాగాల వెనుక అది ఏ రకం ప్లాస్టిక్కో చెప్పే అచ్చు గుర్తు (పీపీ, ఏబీఎస్ లాంటిది) ఉంటుంది. పీపీ అయితే ప్లాస్టిక్ ప్రైమర్ లేకుండా ఏ రంగూ నిలవదు. ఏబీఎస్ నిలుపుతుంది గానీ ఎన్‌సీ థిన్నర్‌తో తుడిస్తే నెర్రెలిస్తుంది. క్రోమ్ ట్యాంకు మీద నేరుగా వేసిన రంగుకైతే ఆయుష్షే లేదు. మెరుపంతా పోయేలా గరుకు చేసి ఎపాక్సీ వేయాలి, క్రోమ్ పెచ్చు లేస్తుంటే పూర్తిగా తీయించాలి.

కస్టమ్ పనిలోనే వచ్చే చిక్కులు

*క్యాండీ రంగు ట్యాంకుకు ఒకలా, ప్యానెల్‌కు ఒకలా ఉంది.* క్యాండీ పారదర్శకం. కింద వెండి రంగు, పైన ఎన్ని కోట్లు పడితే అంత ముదురు. ట్యాంకుకు ఐదు, ప్యానెల్‌కు నాలుగు పడితే ఎండలో పట్టేస్తుంది. భాగాలన్నీ ఒకేరోజు, బండి మీద ఉండే వాలులోనే వేలాడదీసి, కోట్లు లెక్కపెట్టి కొట్టాలి. ముందు ఒక రేకు ముక్క మీద ఒక కోటు, రెండు కోట్లు, అలా ఆరు దాకా మెట్లుగా వేయించుకుని, ఎండలో చూసి ఎన్నో మెట్టు కావాలో చెప్పండి. క్యాండీలో గీత పడితే ఆ ముక్క వరకే అతుకు వేయడం కుదరదు, ఆ భాగం మొత్తం మళ్లీ వేయాల్సిందే. ఈ సంగతి ముందే చెప్పని పెయింటర్‌కు క్యాండీ ఇవ్వకపోవడం మంచిది.

*మ్యాట్‌లో మచ్చలు, మెరిసే పట్టీలు.* మొదటి కోటు తడి పూర్తిగా చావకముందే రెండోది కొట్టారు, లేదా డబ్బా అడుగున పేరుకున్న మ్యాట్ పొడిని కలపలేదు. రుద్ది సరిచేయడం అసాధ్యం, రుద్దిన చోటల్లా మెరుస్తుంది. దుమ్ము పడినా సరే, ఆ భాగానికి మళ్లీ కోటే.

*క్లియర్ కింద స్టిక్కర్ అంచు లేవడం.* మొదటి కోటే తడిగా కొట్టారు, థిన్నర్ జిగురులోకి దిగింది. సబ్బు నీళ్లతో అంటించి ఉంటే ఒక రోజంతా ఆరనివ్వాలి. తర్వాత రెండు పల్చటి కోట్లు, ఒక తడి కోటు, ఆరాక 800తో అంచు సమం చేసి, పైన మళ్లీ రెండు కోట్లు.

బిగించాక బండి మొరాయిస్తే

ఫ్రేమ్‌కు రంగు వేయించాక సెల్ఫ్ కొట్టకపోతే, లైట్లు మినుకుమంటే ముందు ఎర్త్ చూడండి. ఎర్త్ వైరు బోల్టు కింద రంగు ఉంటే కరెంటు దారి మూసుకున్నట్టే. అంతమేర గీకి, బిగించి, గ్రీజు రాయండి. నాలుగైదు కిలోమీటర్లు పోయి ఇంజన్ ఆగి, పెట్రోలు మూత తెరవగానే మళ్లీ నడుస్తోందంటే మూతలోని గాలి రంధ్రం రంగుతో పూడింది. వాన పడ్డాక పెట్రోలులో నీళ్లు వస్తుంటే మూత పక్కన ఉండే డ్రెయిన్ రంధ్రంలో పుట్టీ ఉంది, సన్నని తీగతో తీయించండి. విప్పేటప్పుడే ఈ రంధ్రాలకు చెక్క పుల్లలు దిగ్గొట్టి ఉంచితే సరిపోయేది.

ఫ్రేమ్‌కు పౌడర్ కోటింగ్ బాగుంటుంది. కానీ దాని భట్టీ 180 నుంచి 200 డిగ్రీల దాకా పోతుంది, మామూలు పుట్టీ పెట్టిన ట్యాంకును అందులో పెట్టకూడదు. ఛాసీ నంబరు మీద పుట్టీ, మందపాటి పొర పడనివ్వకండి. ఆర్టీవో తనిఖీలో ఆ అంకెలు చదవగలగాలి.

రంగే మారిందంటే ఆర్సీలో ఆ మార్పు రాయించుకుని, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా తెలపాలి. బుల్లెట్ల మీద చాలామంది అడిగే మిలిటరీ ఆలివ్ గ్రీన్‌ను 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 121వ నిబంధన రక్షణ శాఖ వాహనాలకే పరిమితం చేసింది. ఆ రంగు వేసిపెడతామని ఏ షెడ్డువాళ్లయినా ఒప్పుకోవచ్చు గానీ, ఆర్సీలో మాత్రం ఎక్కదు.